జుట్టు కోసం గుండెను తాకట్టు పెట్టిన వైనం

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెప్పే మనిషిని. గేదె కనిపిస్తే ఏనుగంటాను, జల్లు పడితే తుఫానంటాను. ఇది పూర్తిగా నా తప్పు కాదు. ప్లాట్‌ఫారం పొడుగు చెప్పుకుని మురిసిపోయే ఊళ్ళో పుట్టాను. ఖరగ్‌పూర్ వాడి నోట్లో ఏ కొలతా ఉన్నంతలో ఆగదు. కాబట్టి ఇందులో వెంట్రుకల సంగతి వచ్చినచోట నన్ను నమ్మకండి. భయం వచ్చినచోట మాత్రం నమ్మండి. దాన్ని నేను పెంచలేదు. పెంచడానికి అందులో ఖాళీ లేదు.

మా ఆవిడ సత్యవతి ఈ కాగితాలు చదివి ఒక షరతు పెట్టింది. ఇందులో నిజంగా కల్పించిన ముక్క ఏదో చివర్లో నా చేత్తో నేనే రాయాలని. రాస్తాను.

నేను గూడ్సు బండి గార్డుని. ఇప్పుడు మా ఉద్యోగానికి ట్రైన్ మేనేజర్ అని పెద్ద పేరు పెట్టారు గాని కూర్చునే చోటు మారలేదు. యాభై చిల్లర వ్యాగన్ల వెనక, బండి తోకలో, ఇనప గది లాంటి బ్రేక్‌వ్యాన్. నిమ్‌పురా యార్డులో ఎక్కితే దిగేదాకా నేనూ, రెండు జెండాలూ, ముందు ఇంజన్లో ఉన్న డ్రైవరు గొంతు వినిపించే వాకీటాకీ. అంతే. కాపురం ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో, క్వార్టర్లో, రెండో అంతస్తు. ఇంట్లో వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన మా నాన్నగారు, సత్యవతి, కాలేజీలో ఆఖరి ఏడాది చదువుతున్న మా అబ్బాయి కిరణ్.

ముందు గదిలో గోడ మీద మా తాత, ఇద్దరు పెదనాన్నలు, నాన్నగారు వరసగా ఫోటోల్లో ఉంటారు. సాయంత్రం ఎండ కిటికీలోంచి వాళ్ళ నెత్తుల మీద పడితే ఆ గదికి వేరే దీపం అక్కర్లేదు. అందరికీ ముప్పై నిండకముందే నెత్తి ఖాళీ అయింది. నాకొక్కడికే తప్పింది. నలభై ఐదు దాటినా నా తల అడవిలా ఉండేది. గోల్‌బజార్లో నాకు జుట్టు కత్తిరించే రామ్‌ప్రసాద్ ఏడాదికి మూడు దువ్వెనలు నా తల మీద విరగ్గొట్టేవాడు. ఒకసారి బ్రేక్‌వ్యాన్‌లోంచి తల బయట పెడితే ఒక పిచ్చుక వచ్చి వాలి, గిధ్నీ స్టేషన్ దాటేదాకా దిగలేదు.

మార్చి

మార్చి చివర్లో మా స్నానాలగదిలో నీళ్ళు పోవడం మానేశాయి. తూము మీద జల్లెడ ఎత్తి చూస్తే పిల్లి పడుకున్నట్టు ఒక నల్లటి ఉండ. సత్యవతి జుట్టు పొడుగు. ఉండలో ఉన్నవన్నీ పొట్టివి. అంటే నావి, కిరణ్‌వి.

ఆ రోజు ఇద్దరం ఒకే అద్దం ముందు నిలబడ్డాం. నా నడినెత్తిన అర్ధరూపాయి బిళ్ళంత ఖాళీ. నా సంగతి పోనీ, వాడికి ఇరవై ఒకటి. నుదుటికి రెండు పక్కలా జుట్టు వెనక్కి నడిచి వెళ్ళిపోతోంది. వాడు అద్దంలో నన్ను చూస్తూ అడిగాడు.

"నీకు ఇన్నాళ్ళు పోనేదు గదా నాన్నా. నాకెందుకు ఇప్పుడే పోతంది?"

 జవాబు లేనప్పుడు ఇంట్లో ఏం చేస్తామో అదే చేశాం, నేరస్తుణ్ణి వెతికాం. మొదట కుళాయి నీళ్ళని పట్టుకున్నాం. బకెట్టుకి ఎర్రటి చార కట్టే నీళ్ళు, వాటిలో ఇనుము. తరవాత వాడి హెల్మెట్. తరవాత నా టోపీ. తరవాత షాంపూ. చివరికి మా బావమరిది గుండు గుర్తొచ్చి, ఇది మీ వైపు నుంచే వచ్చిందని సత్యవతితో అన్నాను. ఆమె పప్పు గరిటె చేతిలోనే ఉంచుకుని గోడ వైపు చూపించింది.

"గోడ నిండా గుండ్లు పెట్టుకుని మా అన్నయ్యని అంటారేటండీ."

ఈ గొడవ తొమ్మిది రోజులు నడిచింది. పదోరోజు మా నాన్నగారు మంచం మీంచి కలగజేసుకున్నారు. "నాకు పోయినప్పుడు ఎవురూ ఏడవనేదు. నూని మిగిలిందన్నారు."

ఉల్లిపాయ రసం రాసుకున్నాం. మా మెట్ల మీద నడిచినవాళ్ళందరూ కళ్ళు తుడుచుకుంటూ నడిచారు. ఆముదం రాసుకున్నాం. గుండు కొట్టిస్తే ఒత్తుగా వస్తుందని రామ్‌ప్రసాద్ చెబితే కిరణ్ గుండు కొట్టించుకున్నాడు. నెల తిరిగేసరికి జుట్టు వచ్చింది. ఖాళీ కూడా వచ్చింది, ఎక్కడ ఉండేదో సరిగ్గా అక్కడే. ఆ తరవాత వాడు అద్దం చూడడం మానేశాడు. కాలేజీకి వెళ్ళేటప్పుడు టోపీ పెట్టుకునేవాడు. స్నేహితుడి అక్క పెళ్ళికి రమ్మంటే కడుపునొప్పి అన్నాడు. వాడు టోపీ తీయకుండా భోజనానికి కూర్చున్న రోజు సత్యవతి వాడి కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. 

జూన్

నాతోబాటు గార్డుగా చేసే బిశ్వాస్ దా, అంటే బెంగాలీలో బిశ్వాస్ అన్న, ఆ కబురు తెచ్చాడు. ఒక మాత్ర ఉందట. ఎప్పుడో రక్తపోటు తగ్గడానికి ఇచ్చేవారట, వేసుకున్నవాళ్ళకి వెంట్రుకలు మొలిచాయట. వాళ్ళ తమ్ముడు వేసుకుని ఎలుగుబంటి అయ్యాడట. "సగం చాలు, రావ్ దా" అన్నాడు.

గోల్‌బజార్లో ఒక మందుల దుకాణంలో చీటీ అడగకుండా ఇచ్చారు. నేనే ముందు వేసుకుని చూసి, పనిచేస్తే, ప్రమాదం లేదనుకుంటే వాడికి చెబుదామనుకున్నాను. ఇలా అనుకున్నందుకు నన్ను నేను ఎంత గొప్ప తండ్రిననుకున్నానో చెబితే మీరు నవ్వుతారు. మాత్రల్ని నా పాత షేవింగ్ పెట్టెలో, బ్లేళ్ళ కింద దాచాను.

ఇక్కడ మా వాళ్ళ అలవాటు ఒకటి చెప్పాలి. బండి మీద పనిచేసే మాకు రైల్వే డాక్టరు ముందు ఏ జబ్బూ ఉండదు. ఏదైనా మందు వాడుతున్నావా అని అడిగితే ప్రశ్న పూర్తికాకముందే లేదంటాం. మోకాలు నొప్పైనా, షుగరైనా బజార్లో చూపించుకుంటాం, బజార్లో కొనుక్కుంటాం. కాగితం మీద ఒక్క మాట పడితే బండి దింపేసి ఏ ఆఫీసులోనో ఫైళ్ళ మధ్య కూర్చోబెడతారని భయం. గార్డుని బండి దింపడమంటే చేపని గట్టున పెట్టడమే. మాకు అప్పుడప్పుడు చేసే ఆ డాక్టరు పరీక్ష, మెడికల్, నాకు దసరా పూజల తరవాత ఉంది. అప్పటికి జుట్టు వచ్చేస్తుంది, మందు ఆపేస్తాను, ఎవరికీ తెలియదు. ఇదీ నా పథకం.

సగం మాత్ర రెండు వారాలు. ఏమీ రాలేదు. ఒకటి వేశాను. తరవాత ఒకటిన్నర.

నెత్తి మీద నూగులాంటిది వచ్చిన మాట నిజం. మిగతా వెంట్రుకలన్నీ దారి తప్పాయి. కనుబొమలు రెండూ కలిసి ఒకే గట్టు అయ్యాయి. చెవుల్లోంచి పొదలు లేచాయి. బుగ్గల మీద, కంటి కింద, ముంజేతి మీద. రోజుకి రెండుసార్లు గడ్డం గీసుకుంటుంటే ఆ గీకుడు చప్పుడుకి మా నాన్నగారు ఎవరో ఇల్లు బాగుచేస్తున్నారనుకున్నారు. అప్పటిదాకా ఇదంతా నాకు నవ్వులాటే. తరవాత ఒక ఉదయం బూట్లు ఎక్కలేదు.

పాదాల మీద వేలితో నొక్కితే గుంట పడింది. వేలు తీసినా గుంట అలాగే ఉంది. దాన్ని చూస్తూ కూర్చున్నాను. మెల్లగా నిండింది. ఇంకోచోట నొక్కాను. అక్కడా పడింది.

ఆగస్టు

గుండె చప్పుడు వినబడటం మొదలైంది. మామూలుగా మనకి గుండె ఉందని మనకి తెలియదు. నాకు తెలిసిపోయింది. అన్నం తింటుంటే, బూటు లేసు కడుతుంటే, ఊరికే కూర్చుంటే, లోపల ఎవరో తలుపు కొడుతున్నట్టు. మెట్లెక్కి వచ్చి వాకిట్లో చెప్పులు వెతుకుతున్నట్టు నటిస్తూ వంగి నిలబడేవాణ్ణి, దడ తగ్గేదాకా. ఏటైందండీ అని సత్యవతి అడిగేది. ఏటీ నేదు అనేవాణ్ణి.

మరి ఆ మాత్ర ఎందుకు మానలేదని అడుగుతారు. మానితే వచ్చిన నూగు రాలిపోతుందని బిశ్వాస్ దా చెప్పాడు. అంతకంటే పెద్ద కారణం ఉంది. మానేశాక కూడా దడ తగ్గకపోతే అది నా గుండె జబ్బే అని తేలిపోతుంది. అది తేలకుండా ఉండడానికి మాత్ర వేసుకుంటూ పోయాను. భయపడ్డవాడి బుర్ర ఇలాగే పనిచేస్తుంది.

ఒక మధ్యాహ్నం చిన్న స్టేషన్ దాటుతున్నాం. స్టేషన్ వాళ్ళతో పచ్చజెండా చూపించుకోవాలి, బండి సవ్యంగా ఉందని వాళ్ళు మాకు, మేము వాళ్ళకి. చప్పున లేచాను. కళ్ళ ముందు పగలు ఆరిపోయింది.

తెలివొచ్చేసరికి నా చెంప బ్రేక్‌వ్యాన్ నేల మీద ఉంది. ఇనుము వేడిగా, కింద చక్రాలు పంటికి తగులుతున్నట్టు. జెండా నా కిందే ఉంది. వాకీటాకీలో డ్రైవర్ పిలుస్తున్నాడు, గార్డ్ సాబ్, గార్డ్ సాబ్ అని. నాకైతే ఒక యుగం గడిచింది. అతనికి అది రెండో పిలుపేనట. ప్లాట్‌ఫారం మీద నా జెండా కోసం నిలబడ్డ మనిషి డ్రైవర్ని అడిగి ఉంటాడు. బటన్ నొక్కి, జెండా చెయ్యి జారింది, అంతా సరే అన్నాను. గొంతు మామూలుగానే వచ్చింది. అన్నిటికంటే అదే నన్ను భయపెట్టింది. అంత తేలిగ్గా అబద్ధం రావడం.

తెరిచి ఉన్న తలుపు వైపు ఇంకో జానెడు పడి ఉంటే ఏమయ్యేదో నేను పెంచి చెప్పనక్కర్లేదు. మిగతా దారంతా నేల మీదే కూర్చున్నాను, సీటు కాలు పట్టుకుని.

పూజలకి ముందు

ఆ తరవాత మోతాదు సగానికి తగ్గించాను. అయినా మాత్రలు తొందరగా అయిపోతున్నాయి. రెండుసార్లు వేసుకుని మరిచిపోతున్నానేమో, బుర్ర కూడా పోతోందేమో అనుకున్నాను. వేసుకున్నప్పుడల్లా స్ట్రిప్పు వెనక పెన్నుతో గుర్తు పెట్టాను. నా గుర్తులు మూడు. ఖాళీలు ఏడు.

అది తెలిసిన సాయంత్రం డ్యూటీ దిగి వస్తున్నాను. మొదటి అంతస్తు మలుపులో మెట్టు మీద కిరణ్ కూర్చున్నాడు. టోపీ ఒళ్ళో ఉంది. ఒక చెయ్యి రెయిలింగు మీద, ఒక చెయ్యి ఛాతీ మీద. నేను ఎలా కూర్చుంటానో అలాగే. వాడి కనుబొమలు నెల కిందటి కంటే దట్టంగా ఉన్నాయని అప్పుడు చూశాను.

"ఏటైందిరా?"

"ఏటీ నేదు నాన్నా."

రెండు నెలలుగా నేను వాళ్ళమ్మతో అంటున్న మాట, అదే గొంతుతో. పక్కన కూర్చున్నాను. వాడి మణికట్టు పట్టుకుంటే లోపల పరుగు.

"ఎన్నాళ్ళనుంచి ఏసుకుంటన్నావు?"

 వాడు టోపీతో ముఖం తుడుచుకున్నాడు. "నీకు పని సేస్తోంది గదా అనుకున్నాను. నువ్వు ఏసుకునేది మంచిదే అయ్యుంటదనుకున్నాను."

వాడికి నేను ఇవ్వని మాత్ర అది. నేను దాచిన చోటు నుంచి, నేను దాచినట్టే దాచుకుని వేసుకున్నాడు. మా తాత నుంచి వచ్చిన గుండు గురించి ఆరునెలలు ఏడ్చినవాణ్ణి. ఇది ఎవరి వైపు నుంచి వచ్చిందని సత్యవతిని అడగను?

మర్నాడు వాణ్ణి రైల్వే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. వరండా నిండా బల్లలు, బల్లల నిండా జనం. మా ఎదుట బల్ల మీద మెడికల్‌కి వచ్చిన నా తోటి గార్డులు ఇద్దరు. ఏటి రావ్ దా అని అడిగారు. అబ్బాయికి జ్వరం అన్నాను. నా చొక్కా జేబులో ఆ స్ట్రిప్పు ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా గుచ్చుకుంటోంది. నిజం చెబితే నా పేరు కాగితం మీద పడుతుంది. పూజల తరవాత మెడికల్‌లో నా బండి పోతుంది. చెప్పకపోతే డాక్టరమ్మ వాడి గుండెలో లేని జబ్బు వెతుకుతుంది.

మా పక్కన ఒక ముసలి బెంగాలీ ఆవిడ కూర్చుంది. పెన్షన్ మనిషి, కళ్ళ కోసం వచ్చింది. కాగితం పొట్లంలో మరమరాలు తెచ్చుకుంది. కిరణ్ కాలు ఆడుతూనే ఉండటం చూసి పొట్లం వాడి ఒళ్ళో పెట్టి, భయపడకు బాబూ, తిను అని వాళ్ళ భాషలో అంది. వాడు తిన్నాడు. ఆవిడ సగం నాకూ తోసింది. ఆ మరమరాల చప్పుడుకి కాసేపు నా గుండె చప్పుడు వినబడలేదు. ఆవిడ పేరు అడగలేదు. ఇప్పటికీ బాధగా ఉంది.

లోపల డాక్టరమ్మ వాడి నాడి చూసింది, ఛాతీ మీద గొట్టం పెట్టింది. హిందీలో అడిగింది, ఏమైనా మందు వాడుతున్నావా అని. వాడు నా వైపు చూశాడు. నేను జేబులో చెయ్యి పెట్టాను. స్ట్రిప్పు తీసి ఆమె బల్ల మీద పెట్టాను. "నేను దాచుకున్న మాత్ర మేడం. నేనూ వేసుకుంటున్నాను. నేను గార్డుని" అన్నాను. నా గొంతు ఆ గదిలో గంటలా మోగింది.

ఆ ఆరువారాలు

ఆమె నన్ను తిట్టలేదు. ఇద్దరినీ పక్కపక్క మంచాల మీద పడుకోబెట్టి గుండె బొమ్మలు తీయించింది. ఆ కాగితం మెషిన్లోంచి బయటికి వస్తున్నంతసేపు నేను వాడి పాదాలనే చూస్తూ ఉన్నాను, వాపు ఉందేమోనని. లేదు. వాడికి మందు ఆపితే చాలన్నారు. నా కాళ్ళలో నీరు, దడ, కళ్ళు తిరగడం అంతా ఆ మాత్ర పనేనని, ఆపాక మళ్ళీ చూడాలని, అందాకా బండెక్కడానికి వీల్లేదని రాశారు. సిక్ లిస్టులో పడ్డాను.

ఇంటికొచ్చి సత్యవతికి చెప్పాను. ఆమె ఏడవలేదు. బియ్యం ఏరుతూ ఏరుతూ ఆగింది.

"నాకు సెప్పకుండా సచ్చిపోదామనుకున్నారా?"

ఆ తరవాత ఎనిమిది రోజులు నాతో మాట్లాడలేదు. అయినా రోజూ పొద్దున్న నా పాదాల దగ్గర కూర్చుని వేలితో నొక్కి చూసేది, గుంట ఎంతసేపు ఉందో. తొమ్మిదో రోజు గుంట పడలేదు. మీ కాళ్ళు మామూలైనాయి అంది. అదే మొదటి మాట.

పూజల డప్పులన్నీ కిటికీలోంచే విన్నాను. ప్రతి దెబ్బకీ నా గుండె ఏది, డప్పు ఏదని వేరుచేసుకుంటూ. బిశ్వాస్ దా రెండుసార్లు వచ్చి, మిఠాయి పొట్లం పెట్టి, నా కళ్ళలోకి చూడకుండా వెళ్ళాడు. అతని తప్పు కాదని చెప్పాను.

చర్మం డాక్టరు దగ్గరికి కిరణ్‌తో వెళ్ళాను. ఆయన చెప్పింది నా మాటల్లో ఇదీ. ఇది తండ్రి వైపు నుంచీ రావచ్చు, తల్లి వైపు నుంచీ రావచ్చు. ఈ మాట విని సత్యవతీ నేనూ ఆర్నెల్ల కిందటి గొడవని చెరిసగం పంచుకున్నాం. కుళాయి నీళ్ళు, హెల్మెట్, టోపీ నిర్దోషులు. గుండు కొట్టిస్తే ఒత్తుగా రాదు. పూర్తిగా రాకుండా ఆపే ఉపాయం లేదు గాని, మొదట్లోనే వస్తే, డాక్టరు కనిపెట్టి చూస్తూ ఉంటే, ఉన్నదాన్ని నిలబెట్టే మందులున్నాయి. మానేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. ఏళ్ళ కిందట పోయింది తిరిగి రాదు. దుకాణంలో చీటీ లేకుండా కొని బ్లేళ్ళ కింద దాచుకునేది మాత్రం ఏదీ మందు కాదు. ఇది చదివేవాళ్ళలో బండి మీద పనిచేసే మా రన్నింగ్ స్టాఫ్ ఉంటే ఆ ఆఖరి మాట రెండుసార్లు చదవండి.

కిరణ్ ఇప్పుడు నెత్తికి రాసుకునే మందు ఒకటి వాడుతున్నాడు, స్నానాలగది అరలో, అందరికీ కనపడేచోట. పనిచేస్తోందో లేదో ఇంకా తెలియదంటాడు. టోపీ మేకుకి వేలాడుతోంది. నా నూగు మొత్తం రాలిపోయింది, దానితోపాటు పాతది కూడా కొంత. మొన్న మా నాన్నగారు నా నడినెత్తి మీద అరచెయ్యి పెట్టి చూసి, గోడ మీద నా ఫోటోకి ఖాళీ ఎక్కడుందో వెతికారు.

దీపావళినాటి కాళీ పూజ వెళ్ళిన వారానికి నాకు బండెక్కవచ్చని ఫిట్ సర్టిఫికెట్ ఇచ్చారు. కాగితం మీద నా పేరు పడింది, మాత్ర పేరు పడింది. బండి పోలేదు. ఆరోజు బ్రేక్‌వ్యాన్‌లో ఎక్కి చాలాసేపు నిలబడే ఉన్నాను.

ఒప్పుకోలు

రామ్‌ప్రసాద్ విరగ్గొట్టింది ఒక్క దువ్వెన, అదీ ముందే పగిలి ఉంది. పిచ్చుక లేదు. గొడవ తొమ్మిది రోజులు కాదు, రెండు. ఇవి లెక్కలోకి రావు, ఇవి నీ మామూలు అంటుంది సత్యవతి. ఆమె రాయమన్నది వేరే.

నేలమీద పడ్డది నిజం. గుంటలు నిజం. మరమరాల ఆవిడ నిజం. కల్పించింది డాక్టరమ్మ గదిలో నేను మాట్లాడిన మాట.

ఆమె మందు సంగతి అడిగినప్పుడు కిరణ్ నా వైపు చూశాడని రాశాను కదా. నేను గోడ వైపు చూశాను. ఆమె మళ్ళీ అడిగింది. అప్పుడు, కుర్రాళ్ళు కదా మేడం, జుట్టు కోసం బజార్లో ఏదో కొనుక్కుని వేసుకున్నాడు, మాకు తెలియదు అన్నాను. గొంతు మామూలుగానే వచ్చింది. ఆమె వాణ్ణి తిట్టడం మొదలుపెట్టింది. వాడు తలవంచుకుని విన్నాడు. నేను పక్కనే నిలబడి విననిచ్చాను.

ఆమె రాయడానికి కలం తీసుకున్నాక వాడు లేచాడు. నా చొక్కా జేబులో చెయ్యి పెట్టి స్ట్రిప్పు తీసి బల్ల మీద పెట్టాడు. నా మీద కోపంతో కాదు. ఆ ముఖం నాకు తెలుసు, వాడి చిన్నప్పుడు నేను డ్యూటీకి వెళ్తుంటే గుమ్మంలో నిలబడిన ముఖం.

"ఇది మా నాన్నది మేడం. ఆయన బండి మీద వెళ్ళే మనిషి. ముందు ఆయన్ని చూడండి."